సునందకు కుట్టిన బొంత

ఆమె పోయిన సంగతి నాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది. తాండూరు మార్కెట్లో కందిపప్పు దగ్గర బేరమాడుతుంటే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. తిరిగి చూస్తే అనసూయ. పెద్దేముల్ అవతల వాళ్ళ ఊళ్ళో నేను నాలుగేళ్ళు పనిచేసిన ఆడవాళ్ళ బొంతల సంఘంలో మనిషి.

"మేడం, అవ్వ పోయింది. పదకొండు దినాలైంది. ఎరుకైందా?" అంది.

ఏ అవ్వ అని నేను అడగలేదు. ఆ ఊళ్ళో ముసలివాళ్ళు చాలామందే ఉన్నారు గానీ మా సంఘానికి అవ్వ ఒక్కతే.

"ఎప్పుడో పోతే ఇప్పుడా చెప్పడం?" అని అనసూయ మీద ఎగిరాను. పప్పు కొలిచే మనిషి కొలత ఆపి మా వైపు చూశాడు. "మీ నంబరు కలుస్తలేదు మేడం. మస్తుసార్లు చేసినం" అంది ఆమె మెల్లగా. నిజమే. నంబరు మార్చింది నేను, ఎవరికీ చెప్పనిది నేను. తప్పు మనదైనప్పుడు గొంతు ఇంకాస్త పైకి లేస్తుంది. పప్పు అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఊరికంతా అవ్వ, నాకూ అవ్వ. అదీగాక పేర్ల విషయంలో ఆమె దగ్గర నేను చేసిన నిర్వాకం ఒకటుంది. అది ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

సన్నగా పొడుగ్గా ఉండేది. ముందుకు వంగి నడిచేది, దారిలో సూది పారేసుకుని వెతుక్కుంటున్న మనిషిలాగా. నిజానికి ఆమె సూది ఏనాడూ పోలేదు. ఎప్పుడూ జాకెట్ భుజానికి గుచ్చి ఉండేది, వెనక మూరెడు దారం వేలాడుతూ. ఆదివారం ప్రార్థనకు పోయినా, కంది కోతకు కూలికి పోయినా అది అక్కడే. కళ్ళకు పొర కమ్మి చాలాకాలమైంది. అయినా సూదిలో దారం ఎక్కించమని ఒకరి ముందు చెయ్యి చాచగా నేను చూడలేదు. దారం కొసను నాలుకతో తడిపి, మొహం పక్కకు తిప్పి, ఎవరితోనో మాట్లాడుతూనే ఎక్కించేసేది. "కండ్లతోని ఏం పని? వేళ్ళున్నయి గద" అనేది.

కుట్టేటప్పుడు రెండు కాళ్ళూ బారజాపి, బొంతను తొడల మీదికి లాక్కుని కూర్చునేది. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వచ్చే కుట్టు ఆమెది. మూల తిరిగేచోట కుట్లు లెక్కపెట్టుకునేది, అదీ కన్నడంలో. ఒందు, ఎరడు, మూరు. పుట్టిల్లు చించోళి వైపు. తిట్లు మాత్రం అచ్చమైన తెలుగు. ఎందుకలా అని అడిగితే "లెక్క మా అవ్వ నేర్పింది. తిట్లు మా అత్త నేర్పింది" అంది. అవ్వ అంటే ఆమె మాటలో అమ్మ.

ఆ తిట్లు మొదటి రోజే తిన్నాను. మా సంస్థ వాళ్ళు నన్ను ఆ ఊరికి పంపినప్పుడు నాకు బొంత గురించి తెలిసిందల్లా మా అమ్మమ్మ ఇంట్లో కప్పుకోవడమే. వాడని బడిగది ఒకటి అడిగి తీసుకుని ఎనిమిదిమందిని కూర్చోబెట్టాం. బండి మీద వచ్చే మెత్తటి రగ్గులు ప్రతి ఇంట్లోకీ చేరాక బొంతలు కుట్టడం ఆగిపోయింది. కుట్టే చేతులు మాత్రం ఇంకా ఉన్నాయి. పాత నూలు చీరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టించి పట్నంలో అమ్మిస్తే, కూలి లేని రోజుల్లో వీళ్ళకో ఆధారం దొరుకుతుందని మా ఆలోచన. నేను ఉత్సాహంగా గదిలోకి అడుగుపెట్టి, పరిచి ఉన్న సగం బొంతను చూసుకోక దాని మీదుగా దాటాను.

"ఏయ్! ఆగు!" అని కేక. "మనిషిని దాటినట్టు దాటుతున్నవేందే? వచ్చిన తొవ్వనే ఎనక్కి పో."

వెనక్కి అడుగులు వేసి, గుమ్మం దాకా పోయి, చుట్టూ తిరిగి వచ్చాను. మిగతా ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. సంఘం పెట్టడానికి వచ్చినదాన్ని, గోడకు నిలబెట్టిన బడిపిల్లనైపోయాను. కానీ అవ్వ అప్పటికే మరిచిపోయి "కూసో బిడ్డా, రొట్టె తిన్నవా?" అంటోంది.

ఇంకొక అలవాటు చెప్పాలి. బొంత పూర్తయ్యాక దాన్ని ఆమె పరీక్షించే పద్ధతి. గదిలో నాపరాళ్ళ నేల మీద వెల్లకిలా పడుకుని, బొంతను తల మీదుగా పూర్తిగా కప్పేసుకునేది. గదంతా నిశ్శబ్దం. కుట్టిన మనిషి ఊపిరి బిగబట్టుకుని ఉండేది. కాసేపటికి లోపలి నుంచి తీర్పు వినబడేది. "కాళ్ళకాడ పొర పల్చగున్నది, సలి జొస్తున్నది." లేకపోతే "అయ్యింది, పో." ఒకసారి పట్నం నుంచి బొంతలు చూడటానికి దుకాణపు మేడం వచ్చేసరికి ఆమె అలా కప్పుకుని పడుకుని ఉంది. చుట్టూ ఏడుగురు మౌనంగా కూర్చున్నారు. వచ్చినామె గుమ్మంలోనే ఆగిపోయి "అయ్యో, ఎప్పుడు జరిగింది?" అంది నా చెవిలో. అంతలో బొంత లోపలి నుంచి "ఎవలొచ్చిన్రు? చెప్పులిడిసి రమ్మను" అని వినబడింది. ఆ దుకాణపు మేడం అదిరిపడటం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వాక మనసు ఎలాగో అయిపోతుంది.

ఆ మేడమే మాకు మొదటి ఆర్డరు ఇచ్చింది. ఎనిమిది బొంతలు, అన్నీ ఒకే కొలత. చెప్పిన రోజుకు ఎనిమిదీ అందితేనే మళ్ళీ ఇస్తానని గట్టిగా చెప్పింది. ఏడాదిగా ఎదురుచూస్తున్న అవకాశం. అది పోతే గది కూడా పోతుందని నాకు తెలుసు. సంతోషంగా పరుగెత్తుకొచ్చి అందరికీ చెప్పాను. అందరూ సూదులందుకున్నారు, అవ్వ తప్ప.

"ఎవలు కప్పుకుంటరు?" అని అడిగింది.

"షాపుకు అవ్వా. పట్నంల షాపుంది."

"షాపుకు సలి పెడ్తదా?"

"అట్ల కాదు, షాపుల ఎవరో కొంటరు."

"ఎవలో అంటె? ముసలోళ్ళా, పిల్లలా, బాలింతనా? ముసలోళ్ళకైతె బరువు గావద్దు, కాళ్ళు గుంజుతయి. పసిపిల్లకైతె ముడి లోపల పడొద్దు, ఒళ్ళు గీరుకుంటది. దగ్గున్నోళ్ళకు రొమ్ముకాడ ఇంకో పొర ఎయ్యాలె. ఎవలో చెప్పకుంట ఎట్ల కుట్టాలె?"

ఆ ఊళ్ళో బొంత అంటే అంతేనట. కప్పుకునే మనిషి ఇంటి చీరలతోనే కుడతారు. నడిమి తునక తల్లి చీరది. పేరు లేకుండా కుట్టిన బొంత పీనుగ మీద కప్పడానికే పనికొస్తుందని ఆమె నమ్మకం. "గీ చీరలు ఎవలు కట్టిన్రో తెల్వది, ఎవలు కప్పుకుంటరో తెల్వది. నడుమ నేనెవల్ని?" అని సూది తీసి భుజానికి గుచ్చుకుంది. అది చూసి మిగతా ఏడుగురూ సూదులు కింద పెట్టేశారు. నమ్మకం లేని అనసూయ కూడా పెట్టేసింది.

రెండు రోజులు బతిమాలాను, కోప్పడ్డాను, మా ఆఫీసులో పరువు పోతుందని ఏడుపు మొహం పెట్టాను. మూడో రోజు నోటికొచ్చింది అనేశాను.

"ఒక పిల్ల ఉందవ్వా. పట్నంల హాస్టల్ల ఉంటది. నర్సు చదువుతున్నది. ఆమె కోసమే."

"పేరు?"

"సునంద."

ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. మా చుట్టాల్లో సునంద లేదు, నాతో చదివినవాళ్ళలో లేదు. అవ్వ మొహం విప్పారింది. "గట్ల చెప్పొద్దా ముందుగాల!" అని సూది చేతిలోకి తీసుకుంది. మిగతా ఏడు బొంతలకూ మనుషులు కావాల్సొచ్చారు. మోకాళ్ళ నొప్పుల రైల్వే ఉద్యోగి ఒకాయన, కవల పిల్లల తల్లి, ఆస్తమా పంతులు... ఒక నోటుబుక్కు చివర రాసి పెట్టుకున్నాను, ఎవరికి ఏ జబ్బో మరిచిపోకుండా. అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు. నేను అతుకులేసినంత నైపుణ్యంగా ఆ గదిలో ఎవరూ వేయలేదు.

రెండు వారాలకు ఊళ్ళో పాస్టరు గారు నన్ను దారిలో ఆపారు. "అమ్మా, అవ్వ ప్రతి ఆదివారం ఎనిమిదిమంది కోసం ప్రార్థన చేయమంటున్నది. పంతులుగారి ఆయాసం ఎట్లుంది?" అని ఎంతో శ్రద్ధగా అడిగారు. కొంచెం తగ్గిందండీ అని చెప్పి తప్పించుకున్నాను. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది.

మిగతా ఏడుగురి సంగతీ ఆమె ఒక మాటలో అడిగి వదిలేసేది. సునంద మీద మాత్రం ప్రాణం పెట్టుకుంది. ఎందుకో నేను చెప్పలేను. ఆమెకు ఇద్దరు కొడుకులు, ఆడపిల్ల లేదు. అదొక్కటే కారణమంటే నమ్మబుద్ధి కాదు. బహుశా నేనే చాలా బాగా చెప్పి ఉంటాను. హాస్టల్లో కిటికీ అద్దం పగిలి చలిగాలి వస్తుందని చెప్పాను. అన్నం సరిగా తినదని, పరీక్షలని చెప్పాను. వారానికి రెండుసార్లు ఊరికి పోతే రెండుసార్లూ "పిల్ల ఎట్లున్నది?" అనేది. ఒకసారి "ఫోన్ల ఫోటో చూపియ్యి" అంది. ఆ పిల్లకు ఫోటోలంటే ఇష్టముండదన్నాను. "గీ కాలంల ఫోటో దిగని పిల్ల ఉంటదా! మంచి పిల్లనే" అని మురిసిపోయింది.

ఒక మధ్యాహ్నం అడగకూడనిది అడిగింది. "బొంత నడుమకొచ్చింది. వాళ్ళమ్మ చీర తునక తెమ్మను."

చీర ఎక్కణ్ణుంచి తేను? ఒక పాత చీర కొని తెచ్చి ఇదే అంటే సరిపోయేది. ఆ బుద్ధి అప్పుడు తట్టలేదు. "ఆ పిల్లకు తల్లి లేదవ్వా" అన్నాను.

ఆ రోజంతా అవ్వ లెక్క బయటికి వినబడలేదు.

బొంతలు పట్నం పంపాల్సిన రోజు వచ్చింది. మూటలు తాండూరు చేర్చడానికి ఆటో గుమ్మం ముందు నిలబడి ఉంది. ఏడు మడతపెట్టి కట్టేశాం. ఎనిమిదోది అవ్వ చేతిలో ఉంది, ఆఖరి కుట్లు వేస్తోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే నడుమ ఎర్రటి ఇల్కల్ చీర కొంగు. పాతది, కానీ ఆ ఎరుపు ఇంకా చెదరలేదు. అలాంటి చీర మేం కొన్న పాతబట్టల్లో లేదు.

"ఇదెక్కడిది?"

"మా అవ్వది. సందూకల దాచిన. చీరంతా పీలికలైంది, గీ కొంగొక్కటే గట్టిగున్నది. ఆ పిల్లకు తల్లి లేదంటివి గద, మా అవ్వది పెట్టిన."

అనసూయ నా వెనక నిలబడి, చాలా మెల్లగా చెప్పింది. "మేడం, అది అవ్వ సావు కోసం దాచుకున్నది."

మా వైపు ఆడమనిషి చనిపోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అది పడకుండా సాగనంపితే వెనక దిక్కులేని మనిషిని పంపినట్టు లెక్క. అవ్వ అన్నదమ్ములు ఏనాడో పోయారు. చించోళి వైపు ఇల్లే లేదు. అందుకని తల్లి చీరను ఇన్నేళ్ళు పెట్టెలో దాచుకుంది. తన మీద కప్పమని కొడుకులకూ కోడళ్ళకూ ఏడాదికోసారి గుర్తుచేస్తూ ఉండేదట.

"మరి నీకో?" అన్నాను.

"నాకేం ఫికర్? నేను పోయిన్నాడు నువ్వు ఆ పిల్లకు కబురు చెయ్యి. బొంత పట్టుకొని వస్తది. ఒక్క గడియ నా మీద కప్పి, మల్ల తీస్కపోతది. పుట్టింటోళ్ళు వచ్చినట్టే గద." దారం పళ్ళతో కొరికి, బొంతను నా చేతుల్లో పెట్టింది. "పైలంగ ఇయ్యి. ఆ గడియ తప్ప, ఒగలు కప్పుకున్నంక ఇంకొగలు కప్పుకోవద్దని చెప్పు."

అప్పుడు చెప్పేయాల్సింది. సునంద లేదు, ఆ పేరు నేను కల్పించాను, ఆ కుట్లు విప్పి నీ చీర నువ్వు తీసుకో అని. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆటో అతను హారన్ కొట్టాడు. ఎనిమిదీ అందితేనే అన్న మాట చెవిలో మోగుతోంది, చుట్టూ ఏడుగురు ఆడవాళ్ళు పండగ మొహాలతో నిలబడి ఉన్నారు. తర్వాత చూసుకుందాం, వెనక్కి తెప్పించుకుందాం అనుకున్నాను. ఆ బొంతను నేనే నా చేతులతో మడతపెట్టి మూటలో కట్టాను.

వారం తిరక్కుండా పట్నం వెళ్ళాను. దుకాణంలో కౌంటర్ దగ్గరున్న అమ్మాయి "నడుమ ఎర్ర కొంగున్నదా? అదే అన్నిటికంటే ముందు పోయింది మేడం" అంది గొప్పగా.

"ఎవరు కొన్నారు?"

"ఎవరో. కార్లో వచ్చారు."

"ఎవరో అంటే? పేరేంటి? ముసలివాళ్ళా, చిన్నవాళ్ళా? ఎవరు కప్పుకుంటారట?"

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. నేను అవ్వను మొదట్లో అలాగే చూశాను. దుకాణపు మేడం వచ్చి, అలా ఇంకొకటి కుట్టించండి, బాగా పోతుంది అని చెప్పింది. తిరుగు బస్సులో వికారాబాద్ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కసీటు ఆవిడ ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది.

అనసూయ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆ మర్నాడు నాతోపాటు ఆటో స్టాండు దాకా నడుస్తూ "మేడం, సునంద లేదు గద?" అంది. "రేపు అవ్వకు చెప్పేస్తాను" అన్నాను.

"చెప్పకు. ఇప్పుడు చెప్తె చీర వస్తదా? ఉన్న పిల్ల కూడ పోతది."

ఆ మాట పట్టుకుని నేను తప్పించుకున్నాను. నిజం చెప్పకపోవడానికి ఎవరైనా ఒక మంచి కారణం ఇస్తే దాన్ని రెండు చేతులతో అందుకుంటాం. ఆ తర్వాత మూడేళ్ళు సునందను నేనే పెంచాను. పరీక్షలు రాయించాను. జ్వరం తెప్పించి తగ్గించాను. నర్సు ఉద్యోగం ఇప్పించి ఢిల్లీ పంపాను. ఢిల్లీ అని ఎందుకన్నానంటే అక్కడ చలి ఎక్కువ, బొంత ఉపయోగపడుతుందని అవ్వ సంతోషిస్తుంది. "బొంత ఎత్కపోయిందా?" ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే. ఎత్తుకపోయిందన్నాను. ఆ రోజు కొత్త బొంత మీద కుట్లు ఎంత వేగంగా పడ్డాయో.

సంఘం నిలదొక్కుకుంది. ఆర్డర్లు వచ్చాయి. మా సంస్థ పని ముగిసిందని చెప్పి, సంఘాన్ని అనసూయ చేతుల్లో పెట్టి నేను తాండూరులో ఒక బళ్ళో ఉద్యోగానికి చేరాను. ఊరికి వెళ్ళడం తగ్గించాను. పని ఒత్తిడి అని అందరికీ చెప్పేదాన్ని. ఆమె మొహం చూడలేక అని నాకు తెలుసు. చూడలేకపోయినా, ఆ గదిలో ఆమె పక్కన నాపరాళ్ళ మీద కూర్చుని ఆ కన్నడం లెక్క వినాలని ఎంత అనిపించేదో. సాయంత్రం బడి వదిలాక పెద్దేముల్ ఆటోలు అరుస్తుంటే కాళ్ళు అటే లాగేవి. ఇంటికి పోయేదాన్ని.

ఆఖరిసారి చూసింది నిరుడు, తాండూరు బస్టాండులో. కళ్ళాసుపత్రికి వచ్చి తిరిగి పోతోంది. అనసూయ నీళ్ళకు వెళ్ళింది. అవ్వ బల్ల మీద ఒక్కతే, భుజానికి సూది. నేను దగ్గరికి పోయి ఏమీ అనకుండా కూర్చున్నాను. నా చేతిని అందుకుని వేళ్ళు తడిమి "నువ్వేనా? ఇంత సిక్కినవేందే" అంది. తర్వాత "బిడ్డా, సునందను ఒక్కసారి తోల్కరా. ఇగ నాకు ఎక్కువ దినాలు లేవు. బొంత తేకున్న మంచిదే. ఉత్త మనిషిని చూస్త, చాలు" అంది.

"క్రిస్మస్‌కు వస్తానన్నది అవ్వా" అన్నాను. ఎందుకన్నాను? ఆ మాట అనకుండా ఉండాలంటే నిజం చెప్పాలి, అందుకన్నాను. ఆ క్రిస్మస్‌కు నేను ఊరికి పోలేదు. పండగ రోజు ఆమె ఒక పళ్ళెం ఎక్కువ పెట్టించిందని అనసూయ ఫోను చేసి చెప్పింది. నంబరు మార్చింది ఆ తర్వాతే.

మొన్న ఆదివారం ఆ ఊరికి వెళ్ళాను. సమాధి దగ్గర మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ఏం కప్పారని అనసూయను అడిగాను. "కొడుకులు కొత్త చీర తెచ్చిన్రు. పుట్టింటి బట్ట ఏం లేదు గద మేడం" అంది. ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

అప్పుడు ఊరి సబ్‌సెంటర్లో పనిచేసే నర్సు అటుగా వచ్చి మా దగ్గర ఆగింది. కోట్‌పల్లి పిల్ల, కొత్తగా చేరిందట. అవ్వకు చివరి రోజుల్లో సూదిమందు వేసింది ఈమేనని అనసూయ చెప్పింది.

"బొంతల మేడం మీరేనా?" అంది ఆ పిల్ల. "మీ కోసమే చూస్తున్న. నేను మొదటిసారి పోయినప్పుడు, నర్సమ్మ వచ్చిందని కోడలు చెప్పంగనే, అవ్వ సునందవా అని అడిగింది. ముసలామె సంతోషపడ్తది గద అని అవునన్న. ఇగ నా చెయ్యి ఇడువలే. బొంత తెచ్చినవా బిడ్డా అంటది. రేపు తెస్త అన్న. మర్నాడు మా ఇంట్ల ఉన్నదాన్ని తీస్కపోయి కప్పిన."

నేను అనసూయ చెయ్యి పట్టుకున్నాను.

"కప్పంగనే వేళ్ళతోని తడిమింది మేడం. అంచు నుంచి తడుముకుంట నడుమదాక పోయింది. ఆడ ఆగింది. ఇది నా కుట్టు గాదన్నది. ఎవలకు కుట్టిన్రు అని అడిగింది. మా నాయనమ్మ నాకే కుట్టిందవ్వా అన్న. గట్లయితె నాకెందుకు కప్పినవు, నువ్వు దేన్ని కప్పుకుంటవు, తియ్యి అన్నది. నేను తియ్యకపోతె తనే గుంజేసి మడతపెట్టమన్నది. నువ్వు సునందవు గాదు గద అన్నది. కాదవ్వా అన్న. నిన్నేమంటలేను బిడ్డా అని నా తల నిమిరింది."

"అంతేనా?"

"లేదు మేడం. మీకో మాట చెప్పమన్నది. చెప్పేదాక నాకు నిద్ర పట్టేటట్టు లేదు. గా మేడం వస్తది, వస్తె చెప్పు, సునందను నా కోసం బొంత పట్టుకొని గంత దూరం నుంచి రావద్దను, తొవ్వల సలి ఉంటది. నాకు మట్టిల వెచ్చగనే ఉంటది. ఆ పిల్లను మంచిగ కప్పుకొని పండుమను అన్నది." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "ఢిల్లీల ఉంటదంట గద ఆమె. జర మరువకుండ చెప్తరు గద మేడం?"

అనసూయ తల దించుకుంది.

"చెప్తానమ్మా" అన్నాను.